పద్నాలుగు మిల్లీసెకన్ల గుండె

నమోదు 1

ఇక్కడ అయస్కాంతానికి గడ్డం పెరుగుతుంది.

డ్యూటీ ఎక్కగానే నా మొదటి పని దాన్ని గీకడమే. చంద్రుడి దుమ్ములో ఇనుము ఉంటుంది, కంటికి ఆననంత సన్నగా. తలుపులు ఎంత బిగించినా, మనుషుల్ని ఎంత తుడిచినా అది ఎలాగో లోపలికి వచ్చి స్కానర్ నోటి చుట్టూ నల్లటి నూగులా పేరుకుంటుంది. ప్లాస్టిక్ పలకతో గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను డబ్బాలో వేసి మూత బిగిస్తాను. తర్వాత పరీక్ష సీసాల వంతు. వాటిలో ఎంత ఇనుము కలిపారో మాకు ముందే తెలుసు. స్కానర్ కూడా అంతే చెబితే ఆ పూట దాన్ని నమ్మొచ్చు. ఆ తర్వాతే మనుషులు.

మనుషులు స్నానం చేసి, కాగితం గౌన్లు తొడుక్కుని వస్తారు. చెవి వెనకో గోళ్ళ కిందో దుమ్ము కనిపిస్తే మళ్ళీ స్నానానికి పంపుతాను. తిట్టుకుంటూ వెళ్తారు. వీళ్ళలో సగంమంది మా గోదావరిఖని వైపువాళ్ళే. తాతలు బొగ్గు తవ్వారు, వీళ్ళు చంద్రుడి అడుగున మంచు తవ్వుతున్నారు. ఆ మంచు కరిగిస్తేనే ఇక్కడ తాగడానికి నీళ్ళు, పీల్చడానికి గాలి.

ఆ దుమ్ము పీల్చగా పీల్చగా ఇనుము గుండె దాకా చేరుతుంది. నా పని వాళ్ళ గుండెకు అంకె కట్టడం. పడుకోబెట్టి, గుండె కండరంలో ఉన్న నీటిని అయస్కాంతంతో ఒక్కసారి గంట కొట్టినట్టు మోగిస్తాం. మంచి గుండెలో ఆ మోత నెమ్మదిగా ఆరుతుంది. ఇనుము చేరిన గుండెలో గబుక్కున చచ్చిపోతుంది. ఎంతసేపు మోగిందన్నదే అంకె, మిల్లీసెకన్లలో. ముప్పై దాటితే బంగారం లాంటి గుండె. ఇరవైకి దిగితే ఇనుము పట్టినట్టు. పది దగ్గరికొస్తే ఆ గుండె ఏ క్షణాన ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

బయట వరండాలో గోడకు ఒక బోర్డు ఉంది. మీద నలభై నుంచి కింద సున్నా దాకా అంకెలు, ఎవరి అంకె ఎదుట వాళ్ళ పేరు, మధ్యలో ఎర్ర గీత. గీత కిందికి దిగినవాళ్ళను సొరంగం మాన్పించి, ఇనుము కడిగే మందు పెట్టి, తిరుగు నౌకలో భూమికి పంపాలి. ఒకప్పుడు ఆ గీత ఇరవై దగ్గర ఉండేది. ఇక్కడి ప్రధాన వైద్యాధికారి డాక్టర్ ప్రభంజన్ దాన్ని పది దగ్గరికి దించాడు. రహస్యంగా కాదు, అందరూ చూస్తుండగా, తన చేత్తోనే. సొరంగాల్లో మనుషులు చాలడం లేదని కంపెనీ గోలపెడితే దించాడు.

మా చెల్లె స్వరూప అంకె పదకొండు. ఫిట్ అని రాసి పంపాడు. ఆ వారమే సొరంగంలో కూలిపోయింది.

మా అమ్మతో ఫోన్‌లో అతనే మాట్లాడాడు. "మీ అమ్మాయి గుండె పుట్టుకతోనే బలహీనం తల్లీ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నేను బతుకంతా చేసిందే ఈ గుండెలు కొలిచే పని. చెల్లె పాత అంకెలు తెప్పించుకుని చూశాను. మూడేళ్ళలో ముప్పై ఏడు నుంచి పదకొండుకు దిగింది. పుట్టుకతో వచ్చిన బలహీనత అలా దిగదు.

రెండేళ్ళు ఆగి ఈ ఉద్యోగానికి పెట్టుకున్నాను. ఇక్కడికి ఎవరూ రారు కాబట్టి వెంటనే తీసుకున్నారు. మా ఆయనతో పొత్తు తెగినా ఆయన ఇంటిపేరు ఉంచుకున్నాను. దానితో పని ఉంది. నేను ఎవరినో ప్రభంజన్‌కు తెలియదు.

ఏం చేయాలో ఇంకా అనుకోలేదు. ఊరికే పోవడానికి మాత్రం రాలేదు.

నమోదు 4

ఇవాళ మంగ వచ్చింది. సొరంగంలో మా చెల్లె జోడీ. డ్రిల్లు ఒకరు పట్టుకుంటే గొట్టం ఒకరు పట్టుకోవాలి, అలా మూడేళ్ళు. నోటికి తాళం ఉండదు. బల్ల మీద పడుకుని కూడా, "మేడం, ఈ గుహల పండితే మంచి నిద్రొస్తది. అద్దెకిస్తరా?" అంది.

అంకె పన్నెండు. నేను చెప్పలేదు. బోర్డు మీద పెట్టేదాకా ఎలాగూ చెప్పకూడదు. కానీ అది నా ముఖంలో చదివేసింది.

గౌను విప్పి బట్టలు తొడుక్కుంటూ నన్నే చూస్తోంది. "ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. నువ్వు స్వరూపక్కకు ఏమైతవ్?"

నేను సీసాలు సర్దుతున్నట్టు నటించాను.

"నీ నడక ఆమె నడకే. కుడికాలు జర బయటికేసి. నువ్వొచ్చినప్పటి సంది చూస్తున్న."

అప్పుడు చెప్పాను. మంగ కూర్చుండిపోయింది. ఎలా పోయిందని అడిగాను. 

"మంచు తొట్టి మీద కూసుంది. జర ఆగుతనే మంగా, ఊపిరి అందుతలేదు అన్నది. నేను నీళ్ళ గొట్టం తీసి ఇచ్చిన. తాగలే. నా మొకం చూసి, 'డాక్టరు ఫిట్ అన్నడు గదనే' అన్నది. నవ్వుకుంటనే అన్నది. గంతే అక్కా."

ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. డాక్టరు ఫిట్ అన్నడు గదనే.

నమోదు 9

ప్రభంజన్ పరీక్షకు వచ్చాడు.

అతను పై అంతస్తులో ఉంటాడు. అక్కడికి దుమ్ము రాదని, వడపోతల్లో ఆగిపోతుందని అందరికీ చెబుతాడు, తను కూడా నమ్ముతాడు. పై అంతస్తువాళ్ళెవరూ ఇంతవరకూ ఈ బల్ల మీద పడుకోలేదు. కానీ ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ చూసుకుని ఒక్కడే వచ్చాడు.

"ఊరికే ఒకసారి చూద్దామని, నీలవేణీ. బోర్డు మీద పెట్టకు" అన్నాడు.

"అలాగే సార్."

ఖరీదైన మనిషి. కాగితం గౌనులో మోకాళ్ళు బయటపడి, నూలు మేజోళ్ళతో బల్లెక్కి పడుకుంటే అతనూ అందరిలాగే ఉన్నాడు. లోపలికి పంపాను. మైకులో చెప్పాను, "ఊపిరి తీసుకోండి. వదలండి. ఇక బిగబట్టండి."

గుండె బొమ్మ ఊపిరి కదలకుండా ఉంటేనే వస్తుంది. కదిలితే మొత్తం పాడవుతుంది, మళ్ళీ మొదటినుంచి తీయాలి. ఆ సంగతి అతనికి తెలుసు. బొమ్మ వచ్చేసింది. నేను 'ఊపిరి తీసుకోండి' అనాలి. అనలేదు.

కెమెరాలో అతని పాదాలు కనిపిస్తున్నాయి. ముందు కాలివేళ్ళు ముడుచుకున్నాయి. తర్వాత మడమలు బల్లకు నొక్కుకున్నాయి. పొట్ట వణకడం మొదలైంది. అయినా బిగబట్టే ఉన్నాడు, ఎందుకంటే నేను చెప్పలేదు. మా చెల్లె కూడా ఇలాగే చెప్పినమాట విన్న మనిషి. మైకు మీట మీద నా వేలు ఉంది. ఆ వేలు ఎంతసేపు అలా ఉందో రాయను. ఉన్నంతసేపూ నాకు హాయిగా ఉంది. అది మాత్రం రాస్తాను.

"ఊపిరి తీసుకోండి సార్."

దగ్గి, ఎగశ్వాస తీసి, లోపలినుంచే అరిచాడు. "ఎంత వచ్చింది?"

తెర మీద అతని గుండె ఉంది, నీలంగా కనిపించాల్సిన చోట ఎర్రగా. పద్నాలుగు. గాలిలోని సన్నటి ఇనుము ఏ వడపోతలోనూ ఆగడం లేదన్నమాట. పై అంతస్తుకూ అదే గాలి.

నాకు ఆలోచన ఏమీ రాలేదు. చేతులే పనిచేశాయి. వంటశాలలోకి కొత్తగా వచ్చిన యాదమ్మ గుండె బొమ్మను పాతవాటిలోంచి తీసి తెర మీద పెట్టాను. అతను బయటికొచ్చి చూసేసరికి నీలంగా, నిర్మలంగా ఉంది.

"ముప్పై ఆరు సార్. కుర్రాడి గుండె."

అతని ముఖం వెలిగిపోయింది. నా భుజం తట్టాడు. "వయసు మీద పడింది, అంతే. కాస్త నడవాలి" అన్నాడు.

"నడవండి సార్. బాగా నడవండి."

నమోదు 10

కడుపు నిండా తిన్నాను. నిన్నటినుంచి ఎవరు ఏమన్నా నవ్వొస్తోంది. అతను వరండాలో పచార్లు చేస్తూ కనిపించాడు. ప్రతి చుట్టుకూ ఒకసారి గోడ పట్టుకుని ఆగుతున్నాడు.

ఆగకు. నీకు ఫిట్ అని చెప్పాను కదా.

నమోదు 15

తిరుగు నౌక ఈ నెలాఖరుకు వస్తోంది. అందులో రోగులకు ఎనిమిది సీట్లు. సొరంగం మేస్త్రి ఓదెలన్న వరండాలో బోర్డు ముందు నిలబడి నాతో అన్నాడు, "పోయినసారి ఎనిమిదీ ఖాళీగనే పోయినయ్ బిడ్డా. గీత కిందికి దిగినోడు నౌక వచ్చేదాక ఉంటడా? ఉండడు. గీతకు జర పైనున్నోన్ని పోనియ్యరు. మరి ఆ సీట్లు ఎవలకు?"

ముప్పైమందికి పైగా ఉన్నారు అతను చెప్పిన ఆ 'జర పైన'. మంగ అంకె ఇవాళ పది దశాంశం ఎనిమిది. చీలమండలు ఉబ్బాయి. బూట్లు పట్టక ఓదెలన్న బూట్లు వేసుకుని పనికి పోతోంది.

మధ్యాహ్నం ప్రభంజన్ నన్ను పైకి పిలిపించుకున్నాడు. ఉత్సాహంగా ఉన్నాడు.

"నీ పరీక్షే నాకు ఆలోచన ఇచ్చింది, నీలవేణీ. ఆరేళ్ళుగా ఇక్కడి గాలే పీలుస్తున్నాను. నా గుండె ముప్పై ఆరు. అంటే గాలిలో లోపం లేదు. వీళ్ళు మాస్కులు సరిగా పెట్టుకోరు, సరిగా కడుక్కోరు, మళ్ళీ మనల్ని అంటారు. కంపెనీకి అదే రాశాను. వడపోతలు మార్చనక్కర్లేదని. ఇంకోటి, గీతను ఎనిమిదికి దించుతున్నాను."

"ఎనిమిదికా సార్?"

"పదికి దించినప్పుడూ ఇలాగే భయపడ్డారు. ఏమైంది?"

ఏమైందో అతనికి నిజంగానే గుర్తు లేదు. నేను ఆ కుర్చీలో కూర్చుని అతని మెడ మీద నరం ఎలా ఉబ్బి ఉందో చూస్తున్నాను. లోపల నీరు చేరుతోంది. తనకు తనే చేయి పట్టుకుని చూసుకుంటే తెలిసేది. చూసుకోడు. నేను చెప్పిన అంకె ఉంది కదా.

మెట్లు దిగుతుంటే అర్థమైంది. నా అబద్ధాన్ని పట్టుకుని అతను గీత దించుతున్నాడు. నిజం చెబితే ఏం చేస్తాడో కూడా తెలుసు. వైద్యాధికారి సంతకం ఒక్కటి చాలు గీత మార్చడానికి. తన ప్రాణం కోసం మళ్ళీ ఇరవైకి ఎత్తుతాడు. అప్పుడు మంగ బతుకుతుంది. ఓదెలన్న మనుషులు బతుకుతారు.

అతనూ బతుకుతాడు.

నమోదు 16

రెండు రోజులు ఏమీ చేయలేదు. గడ్డం గీకాను, సీసాలు పెట్టాను, మనుషుల్ని పడుకోబెట్టాను. వాడు బతకడం నాకు ఇష్టం లేదు. ఎన్ని విధాల చూసుకున్నా ఇష్టం లేదు.

మంగకు చెప్పేశాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేట్టున్నాను. అద్దె గుహ అని తను పేరు పెట్టిన స్కానర్ పక్కన, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అంతా వింది. యాదమ్మ గుండె బొమ్మ సంగతి వినగానే పకపకా నవ్వింది. నవ్వుతుంటేనే ఆయాసం వచ్చి ఆగింది.

"మంచిగ చేసినవ్ అక్కా. నాకైతే ఇంత తెలివి రాకపోవు."

"గీత ఎనిమిదికి దించుతున్నాడే."

"తెలుసు. ఓదెలన్న చెప్పిండు."

కాసేపు తన కాళ్ళనే చూసుకుంది. వేలితో చీలమండ నొక్కింది. అక్కడ గుంట పడింది, పూడలేదు.

"మరి నేను గూడ సావాల్నా అక్కా, నీ చెల్లె కోసం?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. చావాలి అంటే సరే అనేలా ఉంది. స్వరూప అంటే దానికి అంత.

నేను దాని కాలు పట్టుకుని ఏడ్చాను. అది నా తల నిమురుతూ, "ఊకో, ఊకో" అంటూ ఉంది. ఓదార్చాల్సింది నేను.

నమోదు 17

భోజనశాల నిండా ఉంది. పై అంతస్తువాళ్ళు ఒక బల్ల దగ్గర, సొరంగం వాళ్ళు మిగతావాటి దగ్గర. ప్రభంజన్ చారు అన్నం కలుపుకుంటున్నాడు. నేను వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాను. గొంతు పెద్దది చేశాను.

"సార్, మీ గుండె అంకె ముప్పై ఆరు కాదు. పద్నాలుగు."

చేయి ఆగింది. "ఏమిటి?"

"ఆ రోజు తెర మీద మీరు చూసింది మీ గుండె కాదు. అదిగో, వడ్డిస్తోందే, యాదమ్మ. ఆమెది."

యాదమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. 

"యంత్రం తప్పా?"

"యంత్రం తప్పు చెప్పదు సార్. నేను అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నా చెల్లెలి పేరు స్వరూప. పదకొండు అంకెతో మీరు ఫిట్ అని రాసి పంపారు. మా అమ్మకు ఫోన్ చేసి పుట్టుకతోనే బలహీనం అన్నారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను."

అతను లేచాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. "దీన్ని పట్టుకోండి. ఇది హత్యాయత్నం. మీరంతా విన్నారు!"

ఓదెలన్న నెమ్మదిగా లేచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, గోడలా ఉంటాడు. "విన్నం సార్. ఈ బిడ్డ చేసింది తప్పే. దాని సంగతి తర్వాత. ముందు మీ పానం సంగతి చూద్దాం. పద్నాలుగు అంటుంది గద, అబద్ధం కావచ్చు. పోయి అందరి ముందర పండుండ్రి. తెలిసిపోతది."

అతను రానన్నాడు. తర్వాత ఒక చేయి గుండె మీద వేసుకున్నాడు, తనకు తెలియకుండానే. వచ్చాడు.

నమోదు 18

నిన్నటిది పూర్తి చేయాలి.

స్కానర్ గది కిటికీ అవతల ఎంతమంది పడతారో అంతమందీ నిలబడ్డారు. ముందు సీసాలు పెట్టి చూపించాను. ఓదెలన్న ప్రతి సీసా అంకె గట్టిగా చదివాడు. తర్వాత ప్రభంజన్‌ను పంపాను. ఈసారి ఊపిరి తీసుకోమని సమయానికే చెప్పాను.

పదమూడు. ఈ కొద్ది వారాల్లో ఒకటి దిగింది.

బయటికొచ్చి తెర చూశాడు. డాక్టరు కాబట్టి అంకె కన్నా ముందు ఆ ఎరుపే అతనికి అర్థమైంది. కింది పెదవి వేలాడింది. తర్వాత అడిగాడు, నన్ను కాదు, ఎవరినీ కాదు. "ఈసారి నౌకలో నాకు..."

మంగ కిటికీ అవతలినుంచే అంది, "మీరు ఫిట్ సార్. గీత పది కాడుంది."

గది బయట ఒక్కరూ నవ్వలేదు. ఓదెలన్న మార్కరు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "గీత ఏడ ఉండాలె సార్? మీరే చెప్పుండ్రి."

ప్రభంజన్ కాగితం గౌనులోనే వరండాలోకి నడిచాడు. బోర్డు మీది గీతను చేత్తో తుడవబోతే పూర్తిగా పోలేదు, అరచేతికి ఎర్రగా అంటింది. పైన ఇరవై దగ్గర కొత్త గీత గీశాడు. గీత వంకరగా వచ్చింది. అందరూ చూస్తుండగా సంతకం చేశాడు.

తర్వాత ఓదెలన్న అందరి అంకెలూ కిందినుంచి పైకి చదివాడు. ఎవరి అంకె తక్కువైతే వాళ్ళు ముందు. మంగది రెండో స్థానం. ఎనిమిదో సీటు పన్నెండు దగ్గరే అయిపోయింది. పదమూడుకు సీటు లేదు.

"నేను ఇక్కడి వైద్యాధికారిని" అన్నాడు ప్రభంజన్.

"అవును సార్. అందుకే మీ గీత మీదనే పోతున్నం" అన్నాడు ఓదెలన్న.

నమోదు 26

మంగ వెళ్ళి నెలలు గడిచాయి, తర్వాతి నౌక ఇంకా రాలేదు. నౌకెక్కేముందు ఓదెలన్న బూట్లు విప్పి ఇచ్చేసి, వట్టి కాళ్ళతో ఎక్కింది. మా అమ్మ దగ్గరికి పోయి ఉంటానంది. "స్వరూపక్క ఎట్ల నవ్వేదో చెప్త. ఆఖరిది చెప్పను" అంది. సరే అన్నాను.

నా మీద కేసు నమోదైంది. భూమికి చేరాక విచారణ. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను, సంతకం పెట్టాను. శిక్ష పడుతుంది. పడనీ. కానీ నా బదులు మనిషి వచ్చేదాకా ఈ యంత్రం నడపగలిగేది ఇక్కడ నేనొక్కదాన్నే. కాబట్టి ప్రతి పరీక్షకూ ఓదెలన్న సాక్షిగా కూర్చోవాలని నిబంధన పెట్టి నన్ను ఉంచారు.

ఇరవై కింద ఉన్న అందరికీ అప్పటినుంచే మందు ఎక్కుతోంది. పొట్ట దగ్గర చిన్న సూది, నడుముకు పంపు. ప్రభంజన్‌కు కూడా. నెలకోసారి పరీక్షకు వస్తాడు. ఇవాళ వచ్చాడు. నడుమున ఆ పంపు కట్టుకుని, సొరంగం వాళ్ళ వెనక వరసలో నిలబడి, తన వంతు వచ్చాక.

"పదిహేడు" అన్నాను. "పెరిగింది."

అతను తెర చూడలేదు. నా ముఖం చూశాడు.

"నిజం చెప్పు."

"నిజమే సార్."

"సీసాలు చూపించు."

చూపించాను. ఓదెలన్న చదివాడు. సరిగానే ఉన్నాయి.

"మళ్ళీ తియ్యి."

మళ్ళీ తీశాను. పదిహేడే. అతను అద్దంలోంచి యంత్రాన్ని చూశాడు, ఓదెలన్నను చూశాడు, మళ్ళీ నన్ను. కళ్ళ కింద నల్లగా చారలు. నిద్ర ఉండడం లేదని తెలుస్తోంది. "నాకు ఆయాసం తగ్గలేదు" అన్నాడు.

"తగ్గడానికి టైం పడుతుంది సార్. అంకె పెరుగుతోంది."

"మీరిద్దరూ కలిసి..." అని ఆగిపోయాడు. తలుపు దాకా నడిచి, అక్కడ తిరిగి నిలబడ్డాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది.

"మీ చెల్లెలి మీద ఒట్టేసి చెప్పు నీలవేణీ. పదిహేడేనా?"

పదిహేడే. గుండె నిజంగానే బాగుపడుతోంది. ఒక్క మాట చెబితే అతను హాయిగా వెళ్ళి పడుకునేవాడు. నెల రోజులు నిశ్చింతగా ఉండేవాడు.

నేను ఆ మాట చెప్పలేదు. అతని వైపు చూస్తూ ఉన్నాను. అతను నిలబడి, నిలబడి, చివరికి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఓదెలన్న నన్ను చూశాడు. పదిహేడు అని రాసి సాక్షి సంతకం పెట్టాడు.

తర్వాతి మనిషిని లోపలికి పిలిచాను.